ఇద్దరు మోయలేని బండి

జూలైలో, మధ్యాహ్నం పన్నెండున్నరకు, పెదబయలు దాటి క్యాంపులో దిగాను. వాన. ఎర్ర బురద. వీపున ఇరవై రెండు కిలోల కిట్టు. చేతిలో ఫోన్, సిగ్నల్ సున్నా. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ సున్నా చూసి ఒళ్లు మండింది.

మాది కొండలకు రోడ్డు వేసే ఆర్మీ దళం. పద్నాలుగు కిలోమీటర్ల అవతల, కొండ మీద, రేడియో పోస్టు. అక్కడ ఆపరేటర్ ఒక్కడే. అతనికి బ్యాటరీలు, రేషను చేరవేయడం నా డ్యూటీ. అందుకు బండి కావాలి. చూడ్డానికి రెండు తెప్పించారు. ఒకటి రెండు వందల సీసీ, నూట నలభై కిలోలు. రెండోది నాలుగు వందల యాభై సీసీ, నూట తొంభై ఆరు.

మా హవల్దారు, పార్వతీపురం మనిషి, చిన్నదాని సీటు తట్టాడు. "ఇది సాల్రా. బరువెందుకు?"

"దీనికి పవరేది సార్? రివ్యూలన్నీ చూశాను."

"రివ్యూల్లో గెడ్డలు కనపడతాయేటి?" గెడ్డలంటే అక్కడి కొండవాగులు.

నేను గొంతు పెంచాను. "నడిపేది నువ్వే కదా, నువ్వే తేల్చు" అన్నాడు ఆఫీసరు. పెద్దదే ఉంచాను. హవల్దారు నాతో మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్లూ అంతే.

రోజూ సాయంత్రం ఆరింటికి ఆపరేటర్ మాత్రం రేడియోలో అడిగేవాడు: "ఏటి తిన్నావు తమ్ముడూ? ఓవర్." ఆ కొండల్లో నన్ను ఆ మాట అడిగినవాడు అతనొక్కడే.

ఆగస్టులో ఒక పొద్దున, ఆరూ నలభైకి, సెట్లో అతని గొంతు వణికింది. "జ్వరం నూట నాలుగు. బ్యాటరీ అయిపోతంది. బేగి రా తమ్ముడూ."

ఏడింటికి మందులతో బయలుదేరాను. ఎనిమిదీ పదికి గెడ్డ దగ్గర ఆగాను. మోకాలి లోతు, మట్టి నీళ్లు. ఫోన్ హ్యాండిల్‌కు బిగించి వీడియో ఆన్ చేసి దిగాను. నడిమధ్యలో ముందు చక్రం గుండ్రాయి మీద జారింది. బండి కింద నా ఎడమ కాలు. ఎత్తబోయాను. కదల్లేదు. అరిచాను. మళ్లీ ఎత్తాను. రెండు గంటలు.

పదీ ఇరవైకి కాఫీ తోటకు వెళ్తున్న అన్నదమ్ములిద్దరు వచ్చారు. భుజాన వెదురు బొంగు. దాంతో బండిని పైకి లేపి కాలు తీశారు. తర్వాత బండిని బొంగుకు కట్టి ఎత్తబోయారు. అడుగు వేయలేక దించేశారు.

"ఏటి బాబూ ఇంత బరువు!" అన్నాడు పెద్దవాడు. "మాం కొన్నప్పుడు ముందల కర్రకి కట్టి ఇద్దరం ఎత్తి సూత్తాం. లేత్తేనే కొంతాం."

"షోరూంలోనా? నవ్వరా?"

"నవ్వనీ. గెడ్డకాడ ఆళ్లొచ్చి మోత్తారేటి?"

బండిని అక్కడే వదిలేశాం. వాళ్లు నా వెంట వచ్చి అడ్డదారి చూపించారు. ఆరు కిలోమీటర్లు కుంటుతూ నడిచాను. పన్నెండూ యాభైకి పైకి చేరేసరికి పోస్టు బంకర్‌లో ఆపరేటర్ లేడు.

బండి రావాల్సిన రోడ్డు పక్కన, దుప్పటి కప్పుకుని రాయి మీద కూర్చుని ఉన్నాడు. నేను అడ్డదారిన అతని వెనక నుంచి వచ్చాను.

"అన్నా."

ఉలిక్కిపడ్డాడు. "బండి మోత రానేదు" అన్నాడు. "నువ్వు రావనుకున్నాను."

మందు వేశాను. అన్నదమ్ములు తమ బొంగుకు దుప్పటి డోలీ కట్టి అతన్ని కిందికి దించారు. బతికాడు. ఆసుపత్రి నుంచి అటే సొంతూరికి పంపేశారు. నేను మళ్లీ చూడలేదు.

సర్వీసు ముగించుకుని వైజాగ్ వచ్చేశాను. కొండలకు ఏ బండి మంచిదని ఫ్రెండ్స్ అడుగుతారు. కర్రకు కట్టి ఇద్దరు ఎత్తగలిగేదని చెబుతాను. వాళ్లు నవ్వుతారు.

రాయి మీద అతని వీపు మాత్రం నన్ను వదలదు. తడిసిన దుప్పటి, ఒక పక్కకు వంచిన తల, ఖాళీ రోడ్డు వైపు పెట్టిన చెవి.