కళ్యాణి పేరున్న కుండలు

లీలావతి టీచర్ కూరకుండను గుడ్డలో చుట్టి తెచ్చింది. గడప దగ్గరే నిలబడి విప్పింది.

"కళ్యాణక్కా, ఏమనుకోకు. మానుకోటల మీ దుకాణంలనే కొన్న. మూడుసార్లు వండిన. కూరంత రంగు వాసనే. పిల్లలు ముట్టుకుంటలేరు."

కళ్యాణి కుండలు చేసే సారె ఆపి, చేతులు కడుక్కుని కుండను అందుకుంది. లోపల గోటితో గీరితే ఉల్లిపొరలాంటిది లేచింది. వార్నిష్. అడుగున, సారె మీంచి దారంతో కోసి తీసిన గీతలు లేవు. పక్కన అచ్చులో పోసినప్పటి అతుకు సన్నగా కనబడుతోంది. నాది కాదు అనబోయింది. అతుకు కింద తన పేరు చూసి ఆగిపోయింది.

నెల్లికుదురులో వాళ్లది కుమ్మరిల్లు. స్టీలు గిన్నెలు వచ్చాక తండ్రి రాజమల్లు సారె పక్కన పెట్టేశాడు. కళ్యాణి మిరప చేలల్లో కూలికి పోయేది. మూడేళ్ల కింద తమ్ముడు యుగేందరే "జనం మళ్ల మట్టికుండలు అడుగుతున్నరక్కా" అంటూ కరెంటు సారె తెచ్చి ముందరి గదిలో బిగించాడు. ఆమె మట్టి జల్లెడ పట్టేది, గులకరాయితో రుద్ది నునుపు చేసేది. కాల్చిన ప్రతి కుండలో గంజి కాచి, కారడం లేదని తేలాకే బయటికి పంపేది. అమ్మకం తమ్ముడిది, మానుకోటలో పెట్టిన దుకాణంలో. ఆమె దుకాణానికి పోయి చూసింది రెండుసార్లే.

మర్నాడు పొద్దున బస్సెక్కి మానుకోట పోయింది. దుకాణం ముందు బోర్డు మీద తన ఫొటో, మోచేతుల దాకా మట్టితో. బోర్డు కింద వరుసగా మెరిసే కుండలు. తను చేసినవి పై అరలో, చేతికందనంత ఎత్తున ఉన్నాయి.

"గివి ఎక్కడివిరా?"

యుగేందర్ లేచి కుర్చీ జరిపాడు. "కూసో అక్కా. చాయ్ చెప్త."

"అడిగినదానికి చెప్పు."

"నువ్వు వారానికి ఇరవై చేస్తవ్. వచ్చేటోళ్లు మస్తుమంది. అందరికీ ఎట్లియ్యాలె?"

"లేవని చెప్పకపోయినవా?"

"పేరు నీదే పెట్టిన కదక్కా. నా పేరు పెట్టుకున్ననా?"

వాడు ఆ మాట నిజంగానే గొప్పగా అన్నాడు. ఆమెకు అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

"ఎప్పటిసంది?"

"పోయిన దసరా సంది."

దసరా నుంచి ప్రతి ఆదివారం ఇంటికి వచ్చాడు. ఆమె వండిన పప్పు తిని, కుండలో వండితే రుచే వేరు అన్నాడు. ఆ ముఖాన్నే చూస్తూ ఆమె మరో ముద్ద వడ్డించింది.

"మీ ఇంట్ల గీ మెరిసే కుండ ఒక్కటన్న ఉన్నదారా? నీ పిల్లలకు గిండ్లనే వండి పెడుతున్నవా?"

యుగేందర్ బయట ఆగిన ఆటో వైపు చూశాడు.

ఆమె స్టూలు ఎక్కి తన కుండలన్నీ దించి, గోనెసంచుల్లో గడ్డి వేసి సర్దుకుంది. బోర్డు కూడా ఊడదీసింది. తమ్ముడు అడ్డం రాలేదు, సాయమూ పట్టలేదు.

ఊళ్లో తెలిసినవాళ్లకల్లా తనే చెప్పింది, ఆ కుండల్లో వండొద్దని. ఇద్దరు ముగ్గురు నమ్మారు. మిగతావాళ్లు, అక్కాతమ్ముళ్లకు పంపకాల దగ్గర చెడిందని చెప్పుకున్నారు. యుగేందర్ దుకాణం వేరే పేరుతో నడుస్తోంది. ఆదివారాలు రావడం మానేశాడు.

నెల తర్వాత లీలావతి మళ్లీ వచ్చింది. కళ్యాణి అరలో నుంచి మంచి కుండ తీసి ఇచ్చింది. టీచర్ దాన్ని తిప్పి తిప్పి చూసి కింద పెట్టింది.

"ఏమనుకోకు అక్కా. నువ్వు చేస్తుంటే చూసి, గదే తీస్కపోత."

కళ్యాణి ఆ కుండను తీసి మళ్లీ అరలో పెట్టింది.

"ఎండాలె, కాల్చాలె. పది రోజులైతది మేడమ్."

"అప్పుడే వచ్చి తీస్కపోత. ఇయ్యాల చేసుడైతే చూస్త."

కళ్యాణి పీట వేసింది. టీచర్ కూర్చుంది. సారె మీద మట్టిముద్ద మధ్యకు రావడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.