నాలుగో బోల్టు

ఇరవై ఏళ్లు మాచర్ల పక్కన నాపరాయి క్వారీల్లో డ్రిల్లు పట్టినోణ్ణి. రాయి పగలగొట్టమంటే పగలగొడతా గానీ, మనుషులు ఎక్కడానికి రాతికి బోల్టులు బిగించమంటే నాకేం తెలుసు? మా ఊరి బాబాయ్ ఒకాయన తన కొండని కంకర కొట్టే క్రషర్ వాళ్లకివ్వకుండా కంచె వేసి, తాళ్లు కట్టుకుని ఎక్కే పిల్లలకి వదిలాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఎక్కగలిగే దారి ఒకటి కావాలన్నాడు. ఎక్కేవాళ్లు జారినా పడకుండా తాడు తగిలించుకోడానికి మొత్తం ఏడు బోల్టులు. తెలిసినాయన ఒకరు వచ్చి రెండ్రోజులు చూపించి పోయాడు. మిగతాదంతా నేనే, కొండ పైనుంచి తాడుకి వేలాడుతా చేశా.

ఆదివారం దారి తెరవాలి. ముందు ఎక్కేది మా అమ్మాయి. నరసరావుపేటలో డిగ్రీ చదువుతా, సెలవులకొచ్చి ఇక్కడే ఎక్కడం నేర్చుకుంది. శనివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే నాలుగో బోల్టు గుర్తొచ్చి ముద్ద కంచంలోనే వదిలేశా. మిగతా ఆరింటికీ డ్రిల్లు నా భుజాలు ఊడదీసింది. అది మాత్రం వెన్నలోకి దిగినట్టు దిగింది. రాయి ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడైతే తేలిగ్గా పగులుద్దో చూసి అక్కడే బెజ్జం వెయ్యడం క్వారీ పని. ఇరవై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోద్ది? చెయ్యి దానంతటదే మెత్తటి చోటు వెతుక్కుంది.

చెబితే పని పోద్దేమోనని భయపడ్డా. నిజం చెప్పాలంటే ఆ భయమే ముందొచ్చింది, కూతురు తర్వాత గుర్తొచ్చింది. చానా సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని బాబాయ్ దగ్గరికి పోయి సంగతి చెప్పా.

"లాగి చూస్తే కదల్లేదుగా?" అన్నాడు.

"ఇవాళ కదల్లా బాబాయ్. నాలుగు వానలు పడి, వందమంది వేలాడినాక?"

తాడు మీద దిగి సుత్తితో కొట్టి వినిపించా. బోల్టు చుట్టూ డొల్లగా మోగింది. మూరెడు పక్కన కొడితే ఖంగుమంది. కింద నిలబడి ఆయనా విన్నాడు.

"నీ అసాధ్యం కూలా, ఇప్పుడా చెప్పేది" అని తిట్టి, గేటుకి తాళం వేసి, రేపొచ్చే వాళ్లందరికీ ఫోన్లు చేసి వచ్చేవారం రమ్మన్నాడు. ఇక నన్ను కూడా పొమ్మంటాడనుకున్నా. "అది పీకి గట్టి రాయిలో వెయ్. పిల్లకంటే ముందు నువ్వెక్కు" అన్నాడు.

న్యాయమే. కానీ కింద నుంచి నేనెన్నడూ ఎక్కినోణ్ణి కాదు. మరుసటి ఆదివారం నడుముకి బెల్టు కట్టుకుని మొదలుపెట్టా. కింద తాడు పట్టింది మా అమ్మాయి. అది పుల్లలా ఉంటది, నేను వడ్ల బస్తాలా ఉంటా. నేను వేలాడితే అది పైకి లేచిపోకుండా బాబాయ్ వెనక నుంచి దాని బెల్టు గట్టిగా పట్టుకున్నాడు. గట్టి రాయిలో కొత్తగా వేసిన నాలుగో బోల్టు దాకా పోయా. ఎట్టాగో తాడు తగిలించా.

"వదిలెయ్ నాన్నా, నేను పట్టుకున్నా" అంది.

రెండు చేతులూ వదిలేశా. తాడు బిగుసుకుంది. బోల్టు కదల్లా. గాల్లో కూర్చుని ఏడ్చా, దాచేదేముంది.

"దించమంటావా?" అని అరిచింది కింద నుంచి.

"ఆగమ్మా, పైన ఇంకా మూడున్నయ్" అన్నా.