బూట్లు విప్పిన రాక్ బ్యాండు

ఆ మధ్యాహ్నం నేను టీవీ పెట్టింది సరదా కోసం కాదు. ఊరికే కూర్చోలేక పెట్టాను. సాయంత్రం బస్సుకి మా సింగర్‌ని కాకినాడ తీసుకెళ్లాలి. మర్నాడు పొద్దున్నే వాడికి గొంతు ఆపరేషన్. స్వరపేటిక మీద గడ్డ ఉందన్నారు. అది తీశాక మాట ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో ఉండదో ముందే చెప్పలేమని డాక్టరు గారు తేల్చేశారు. పాట సంగతి సరేసరి, మాట కూడా వీలైనంత తగ్గించమన్నారు. ఏళ్ల తరబడి తీర్థాల్లో, పెళ్లిళ్లలో గొంతెత్తి పాడిన మనిషి, రాజమండ్రిలో మా మేడమీద గదిలో గోడకి చేరగిలబడి నోరు మూసుకుని కూర్చున్నాడు. మా డ్రమ్మర్ మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. నేను గడియారం చూడడం, కిటికీ దగ్గరికి వెళ్లడం, మళ్లీ వచ్చి గడియారం చూడడం. ఆ దరువుకి నా తల తిరిగిపోయింది. ఆపమని కసిరాను. చేతులాపి కాలితో మొదలుపెట్టాడు.

ఇలా కాదని, మా ఎపిసోడ్ పెడదామన్నాను.

మా ముగ్గురిదీ ఒక చిన్న ఆర్కెస్ట్రా. తొంభైల చివర్లో ఒక టీవీ కామెడీ సీరియల్ వాళ్లకి ఒక్క ఎపిసోడ్ కోసం రాక్ బ్యాండు కావాల్సి వచ్చింది. హైదరాబాదులో అసలైనవాళ్లు దొరకలేదో, దొరికినా రామన్నారో తెలియదు గానీ, ఎవరో చెబితే మమ్మల్ని పిలిచారు. కథ పెద్దదేం కాదు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు పద్ధతైన కుర్రాళ్లనుకుని మేడమీద వాటా అద్దెకిస్తాడు. తీరా సామాను దిగాక చూస్తే అది రాక్ బ్యాండు. అది టీవీలో వచ్చిన రోజున వీడియో క్యాసెట్లో పట్టుకున్నాం. క్యాసెట్ అరిగిపోయేలోపు సీడీలోకి ఎక్కించుకున్నాం. ఏ ఇద్దరం కలిసినా అదే పెట్టుకుని, మమ్మల్ని మేమే తిట్టుకుంటూ చూసేవాళ్లం.

తోలు జాకెట్లు, నల్ల కళ్లజోళ్లు, భుజాల దాకా విగ్గులు. డ్రమ్మర్ విగ్గు వాడి తలకి రెండింతలుంది, వాడు ఎటు తిరిగినా అది కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. నేను వాయించేది కీబోర్డు. నా మెడలో మాత్రం గిటారు వేశారు. నా చేతులకేం తెలుసు, దాన్ని పొట్టకి అడ్డంగా పడుకోబెట్టి పైనుంచి తీగల్ని కీబోర్డు మెట్లు నొక్కినట్టు నొక్కుతున్నాను. కడుపునొప్పి వచ్చి రుద్దుకుంటున్నట్టున్నావని డ్రమ్మర్ ఎప్పుడూ అనే మాటే ఆవేళా అన్నాడు.

అసలు ముచ్చట స్టేజీ సీను. కాలనీ వార్షికోత్సవంలో మేం పొగరుగా స్టేజీ ఎక్కాలి, డ్రమ్మర్ డ్రమ్ముని కాలితో తన్నాలి. మేమేమో అలవాటు కొద్దీ స్టేజీ కింద బూట్లు విప్పి, వరసగా సర్దిపెట్టి, స్టేజీ ముట్టుకుని కళ్లకద్దుకుని ఎక్కాం. డైరెక్టర్ గారు కట్ చెప్పి, బూట్లతోనే ఎక్కండయ్యా అని మొత్తుకున్నారు. అలాగేనండి అని తలూపి, మళ్లీ విప్పేశాం. చివరికి ఆయనకి ఓపిక నశించి అలాగే తీసేసుకున్నారు. పైన అంత తోలు, కింద వట్టి పాదాలు. డ్రమ్మర్ అయితే డ్రమ్ముని తన్నాడు గానీ, తన్నిన వెంటనే వంగి దాన్ని తాకి దణ్ణం పెట్టుకున్నాడు. అది కూడా ఎపిసోడ్లో ఉండిపోయింది.

అక్కడ సింగర్ భుజాలు ఎగరడం మొదలుపెట్టాయి. నోరు మూసుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వినా గొంతుకి శ్రమేనేమోనని భయపడి ఆపేద్దామని లేచాను. వద్దని చెయ్యూపాడు.

అప్పుడే వాళ్లావిడ బట్టల సంచితో మెట్లెక్కి వచ్చింది. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని తనూ చూడసాగింది. టీవీలో సింగర్ మైకు పట్టుకుని, జుట్టు విదిలించి పాట అందుకున్నాడు. ఆవిడ కాసేపు విని నాకేసి తిరిగింది.

"ఇందులో ఈయన గొంతు ఎక్కడుందండీ అన్నయ్యగారూ?"

ఎక్కడా లేదు. పాట ఎవరో స్టూడియోలో పాడారు. మాటలు కూడా ఇంకొకరి చేత చెప్పించారు. ఆ సంగతి మాకు మొదటినుంచీ తెలుసు. తెలిసి అన్నిసార్లు చూశాం, నవ్వాం. ఆవిడ అడిగేదాకా అదొక లోటని మాకెవరికీ తోచలేదు.

పోనీ పెళ్లి క్యాసెట్లలో ఉంటుంది కదా అంది. మేం వాయించిన పెళ్లిళ్లన్నీ వరసగా గుర్తుచేసుకున్నాం. ప్రతిచోటా వీడియో తీశారు. కానీ ఆ వీడియోవాళ్లు మా పాట తీసేసి, దాని మీద సినిమా పాట వేస్తారు. వీళ్లిద్దరి సొంత పెళ్లిలో కూడా అంతే. పెళ్లికొడుకు లేచి పెళ్లికూతురి కోసం పాడాడు. క్యాసెట్లో పెదవులు వాడివి, పాట సినిమాది. ఊరూరా మోగిన గొంతు ఒక్క చోటా దాచి లేదు.

అటక మీంచి టేప్ రికార్డర్ దించాను. ఖాళీ క్యాసెట్ కోసం సొరుగులన్నీ తిరగేశాను. డ్రమ్మర్ చొక్కా అంచుతో రికార్డర్ హెడ్డు తుడిచి, దొరికిన క్యాసెట్ అందులో పెట్టాడు. ఒక్క చరణం, అదీ వద్దులే, పల్లవి చాలు, మెల్లగా అని వాణ్ణి బతిమాలాను. ఆవిడ కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

వాడు టేప్ రికార్డర్‌ని పక్కకి నెట్టాడు. ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"వద్దురా. ఇప్పుడు దీంట్లో ఎక్కించావంటే మీ చెల్లెమ్మ రోజూ ఇదే పెట్టుకుని కూచుంటుంది. నేనెదురుగుండా ఉండగానే దీన్ని వింటుంది. రేపు నాకెలాంటి గొంతొస్తే అదే విననీ."

ఆవిడ లేచి, క్యాసెట్ బయటికి తీసి నా చేతిలో పెట్టి, బస్సుకి టైమవుతోందండీ అంది.

నాకు ఒళ్లు మండింది. వాడి గొంతు వాడొక్కడిదే అయినట్టు మాట్లాడాడు. మా డ్రమ్ములకీ, కీబోర్డుకీ అన్నం పెట్టింది ఆ గొంతే. బస్సు ఎక్కేదాకా అడుగుతూనే ఉన్నాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు. ఆ గొంతు ఎలా ఉండేదో అప్పుడప్పుడు గుర్తుచేసుకోబోతే అందదు, రోజంతా చికాగ్గా ఉంటుంది.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కాడు. పాట పోయింది. మాట వచ్చింది గానీ అది గాలిలాంటి మాట, పక్కనున్నవాళ్లకే సగం అందుతుంది. వాళ్లింటికి వెళ్తుంటాను. ఎండాకాలం ఉక్కపోతలో కూడా, వాడి పెదవులు కదిలితే చాలు, ఆవిడ చేస్తున్న పని వదిలేసి వచ్చి ఫ్యాను కట్టేస్తుంది. వాడు చెప్పడం అయ్యేదాకా ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చుంటాం.