రేపల్లె కట్టకు ఆకుపచ్చ నాడా

పోయిన నెల నా కంట్లో శుక్లం తీశారు. మర్నాడు కట్టు విప్పిన నర్సమ్మాయి ఎదురుగా ఉన్న తెర చూపించి, "ఇదేం రంగో చెప్పండి తాతయ్య గారూ" అంటే ఆకుపచ్చ అన్నాను. ఇన్నాళ్ళూ బూడిద పూసినట్టున్న లోకం ఉతికి ఆరేసినట్టు కనపడేసరికి పక్క మంచం ఆయన సంబరపడిపోతున్నాడు గానీ, నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. కొత్త కన్నుకి నీళ్ళు తగలకూడదని ఆ అమ్మాయి మందలించింది. ఎందుకు ఏడ్చానో ఆ పిల్లకి చెప్పలేదు. మీరంతా నా ఈడువాళ్ళు కాబట్టి మీకు చెబుతున్నాను.

తెనాలిలో ఒక పేరున్న ప్లీడరు గారి దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. వకీలు కాలేకపోయినా వకీలు గారి ఆఫీసులో నేనొక కీలునని ఇంట్లో గొప్పలు పోయేవాణ్ణి. తుప్పు పట్టిన కీలని మా ఆవిడ సవరించేది. నాకు పని నేర్పింది మాత్రం నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దయిన పాత గుమాస్తా గారు. ఆయన్ని బాబాయి అనేవాణ్ణి. వకాల్తా మీద స్టాంపు ఎక్కడ అంటించాలో, బెంచి గుమాస్తాతో ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో, వరండాలో ఏడుస్తున్న పార్టీని ఎలా కూర్చోబెట్టి కాగితాలు అడగాలో, అన్నీ ఆయన చెప్పినవే. నాకు టైపూ, కాస్త ఇంగ్లీషూ వచ్చు కాబట్టి కొన్నేళ్ళకి ప్లీడరు గారు ఆఫీసు నిర్వహణంతా నాకు అప్పగించారు. ఇద్దరు టైపిస్టులు, ముగ్గురు గుమాస్తాలు, వాళ్ళలో బాబాయి కూడా, నేను చెప్పినట్టు నడవాలి. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మొదటిరోజే హాజరు పుస్తకం ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఏంటి మేనేజరు గారూ, సంతకం ఎక్కడ పెట్టమంటారు" అని అడిగి, నా మొహం చూసి పకపకా నవ్వేశారు.

మా కేసులు తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టుల్లో నడిచేవి. పొద్దున ఎనిమిదింటికల్లా ఆ రోజు వాయిదా ఉన్న కేసుల కట్టలు బీరువాల్లోంచి తీసి, మూడు కుప్పలు పెట్టాలి. తెనాలి కుప్ప నడిచి వెళ్తుంది, మిగతా రెండూ రైలెక్కుతాయి. ఆ కుప్పలు వేయడం బాబాయి పని. ఆయన కళ్ళకి శుక్లాలు వచ్చి, అట్ట మీది నంబరు కోసం ప్రతి కట్టనీ ముక్కుకి ఆనించుకోవడం చూశాక నాకో ఉపాయం తట్టింది. తెనాలి కట్టలకి ఎర్ర నాడా, బాపట్లకి ఆకుపచ్చ, రేపల్లెకి పసుపు. రంగు చూసి పెట్టెయ్యండి బాబాయ్, చదవక్కర్లేదు అన్నాను. "నాడాలకి కూడా ఊళ్ళు పంచిపెట్టావురా అబ్బాయ్, రేపు మాకూ రంగు చొక్కాలు కుట్టిస్తావేమో" అని వేళాకోళం చేశారు గానీ, ఆఫీసులో తన చోటు నిలబడిందని ఆయనకీ తెలుసు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక సాయంత్రం, మర్నాడు రేపల్లెలో విచారణకి రావలసిన ఒక లంక రైతు కేసుకి అసలు దస్తావేజులన్నీ సర్ది కట్ట కట్టబోతే, పసుపు నాడా అయిపోయింది. చేతికందిన ఆకుపచ్చది చుట్టేసి, పొద్దున్నే కొనితెచ్చి మారుద్దాంలే అనుకున్నాను. పొద్దున్నే అమృతలూరు నుంచి ఒక పార్టీ తొమ్మిది మందితో దిగి, వాళ్ళలో వాళ్ళే తగువు పెట్టుకునేసరికి ఆ సంగతి మర్చేపోయాను. బాబాయి రంగు చూసి బాపట్ల కుప్పలో పెట్టారు, మా జూనియరు వకీలు గారు ఆ కుప్ప తీసుకుని రైలెక్కారు. రేపల్లె వెళ్ళిన ప్లీడరు గారు చేతిలో కాగితం ముక్క లేకుండా, ఇదే ఆఖరి అవకాశమని ముందే చెప్పి ఉన్న జడ్జి గారి ముందు నిలబడవలసి వచ్చింది. దావా కొట్టేశారు. తర్వాత అప్పీలులో ఆ కేసు బతికింది, రైతు పొలం రైతుకి దక్కింది. ఆ దిగులు మీకొద్దు.

సాయంత్రం బాపట్ల నుంచి కట్టలు తిరిగొచ్చాయి. తన కేసులు తప్ప పక్క కట్ట వంక చూసే అలవాటు లేని జూనియరు గారు, వాటిని నా బల్ల మీద పడేసి ఇంటికి వెళ్ళిపోయారు. ప్లీడరు గారు ఇంకా దారిలోనే ఉన్నారు. మధ్యాహ్నం కొనితెచ్చిన పసుపు నాడా ఉండ నా సొరుగులో ఉంది. లంక రైతు కట్టకున్న ఆకుపచ్చది విప్పి జేబులో పెట్టుకుని, పసుపుది కట్టాను. అరనిమిషం పని.

ప్లీడరు గారు వచ్చి కట్ట చేతిలోకి తీసుకుని, పసుపు నాడా ఉన్నది బాపట్ల ఎట్లా వెళ్ళిందండీ అని అందర్నీ అడిగారు. బాబాయి దాన్ని అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. "పొద్దున నాకిది ఆకుపచ్చగా కనపడిందండి" అన్నారు. నేను డైరీలో ఏదో రాస్తున్నట్టు నటించాను. మర్నాటి తేదీ నాలుగుసార్లు రాశాను. ప్లీడరు గారు కోప్పడలేదు. ఇంక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి అన్నారు, అంతే. బాబాయి టిఫిన్ క్యారియరు తీసుకుని, వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వింత చేసినా నిలబెట్టుకోలేకపోయానురా అబ్బాయ్" అన్నారు.

రేపు చెబుదామనుకున్నాను. కోర్టు పనుల్లో ముదిరినవాణ్ణి, వాయిదాలు వేయడంలో నన్ను మించినవాడు లేడు. పండగ వెళ్ళాక, వేసవి సెలవులయ్యాక, మా అమ్మాయి పెళ్ళయ్యాక. చివరికి నాకు నేనే ఒక కథ చెప్పుకున్నాను: ఆయనకి అంతా తెలుసు, పిల్లలు గలవాణ్ణని నన్ను కాపాడటానికే తప్పు నెత్తిన వేసుకున్నారు అని. ఆ కథలో ఆయన దేవుడు, నేను దేవుడు కాపాడినవాణ్ణి. హాయిగానే ఉండేది.

పదకొండేళ్ళకి ఆయన పోయారు. కర్మలన్నీ అయ్యాక ఆయన ఊరు అంగలకుదురు వెళ్ళి, ఆయన భార్య దగ్గర, పిన్ని అనేవాణ్ణి, కాసేపు కూర్చున్నాను. ఆవిడే చెప్పుకొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన సైకిలు ఎక్కలేదట, ఒంటరిగా రోడ్డు దాటలేదట. కొడుకు బలవంతాన శుక్లాలు తీయిస్తే, డాక్టరు రంగు రంగుల కాగితాలు చూపించి అన్నీ సరిగ్గా చెబుతున్నారండీ అన్నా నమ్మలేదట. బండి దగ్గర టమాటా పండిందో లేదో కూడా ఆవిణ్ణే అడిగేవారట. "మనవడు రంగు పెన్సిళ్ళు తెచ్చి బొమ్మ వెయ్యి తాతా అంటే, నా కళ్ళు అబద్ధం చెబుతాయిరా, నాయనమ్మనడుగు అనేవారయ్యా" అంది.

ఆయనకి ఏమీ తెలియదు. నన్ను కాపాడలేదు, నన్ను నమ్మి, తన కళ్ళని నమ్మడం మానేశారు.

అప్పుడు చెప్పాను, జేబులో పెట్టుకున్న నాడాతో సహా. పిన్ని నన్ను తిట్టలేదు. గోడకున్న ఆయన ఫొటో వంక చూస్తూ, "ఆయనుండగా ఒక్కసారి వచ్చి చెప్పకపోయావా నాయనా. సైకిలన్నా తొక్కుకునేవారు" అంది.

ఇప్పుడు వాయిదాలు ఫోనులోకే వచ్చేస్తున్నాయి. ప్లీడరు గారి మనవరాలు అదే ఆఫీసులో ఇద్దరితో నడుపుకొస్తోంది, అట్లాంటి పొరపాటు ఇంక జరగదంటుంది; నిజమే అయి ఉంటుంది. తెనాలికీ అంగలకుదురుకీ మధ్యనుండే పొలాల్లో ఇళ్ళూ దుకాణాలూ లేచి, ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు, ఆటో ఎక్కితే మాట పూర్తయ్యేలోగా దింపేస్తున్నాడు. దూరాలన్నీ తగ్గిపోయాయని మనవాళ్ళు అంటుంటారు. ఆ ఇంటికి నేను వెళ్ళవలసిన రోజుల్లో కూడా, సైకిలు మీద అది పావుగంటే.