ఐదో రాయి దగ్గర

మా తాతయ్య భూములు కొలిచే ఉద్యోగంలో ముప్పై ఎనిమిదేళ్లు ఎండలో మాడాడు. రిటైరయ్యాక ఒకచోట కుదురుగా కూర్చుంటాడనుకుంటే, కాలేజీ పిల్లలకు పటం చూడడం నేర్పిస్తానని బయల్దేరాడు. ఇంట్లో తన కళ్లజోడు ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఏడో తరగతితో చదువుకు దండం పెట్టిన నేను వెతికివ్వాలి.

ఏటా ఆయన తరగతి నుంచి ఒకరిని సర్వే ఆఫీసు పనిలోకి తీసుకుంటుంది. ఈ ఏడు గడువు చివరి రోజు వచ్చేసింది, ఆ సాయంత్రం ఐదింటిలోగా ఆఫీసుకు పేరు అందాలి. అందుకే పొద్దున్నే పరీక్ష పెట్టాడు. కాలేజీ చుట్టుపక్కల వీధుల్లో నంబర్లు చెక్కిన ఆరు సర్వే రాళ్లున్నాయి. నడిచి వెతికి, ఏది ఎక్కడుందో పటంలో గుర్తు పెట్టాలి. దారి కనుక్కోవడంలో తమకు తాము పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారో ముందే పటం మూల రాయమన్నాడు. ఆపైన ఫోన్లన్నీ నేను మోసే తన సంచిలో వేయించుకున్నాడు. సగం మంది సంతలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడ్డారు.

పొడుగోడని అందరూ పిలిచే కుర్రాడు పదికి పది వేసుకున్నాడు. కళ్లద్దాల పిల్ల రెండు వేసుకుంది, అదీ చాలాసేపు ఆలోచించి.

మధ్యాహ్నం కాగితాలు చూస్తూ తాతయ్య తల పట్టుకున్నాడు. పొడుగోడికి నాలుగు తప్పులు. తక్కినవాళ్లు వాడికి తమ్ముళ్లు. కళ్లద్దాల పిల్లకు ఐదు సరిగ్గా వచ్చాయి. ఐదో రాయిని మాత్రం అచ్చం పొడుగోడిలాగే నీళ్ల ట్యాంకు వెనక పెట్టింది. కాగితాన్ని వెలుతురులో పెడితే, సరైన చోట చెరిపేసిన పెన్సిలు గాటు కనిపించింది.

కొలతల కాగితం మీద రబ్బరు తగలకూడదు. తప్పు రాస్తే అడ్డగీత కొట్టి పక్కన రాయాలి, చెరిపిన కాగితం చెల్లదు. ఇది ఆయన మొదటిరోజు నుంచీ చెబుతున్న మాటే. ఇప్పుడు తరగతి మొత్తంలో పనికొచ్చే ఆ ఒక్క కాగితం కూడా చెల్లదు.

ఎందుకు చెరిపావమ్మా అని అడిగాడు.

"ట్యాంకు వెనకే అని వాడు అంత గట్టిగా చెప్పాడండీ. నాదే తప్పనుకున్నాను."

"నువ్వు రాయిని చూశావా, వాడి గొంతుని చూశావా?"

తాతయ్య గొణుక్కుంటూ కొత్త పటం తీసి, ఆమెనీ నన్నూ ఐదో రాయి దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. నాలుగున్నర అయింది. మనం పటంలో ఎక్కడున్నామని అడిగితే ఆమె సరైన చోటే వేలు పెట్టింది. పెట్టి, వెంటనే ఔనా కాదా అన్నట్టు ఆయన మొహం చూసింది. ఆ చూపుకు ఆయనకు ఒళ్లు మండింది. గోడవైపు తిరిగి నిలబడి, నోటితో చెప్పమన్నాడు.

ట్యాంకుకు ఇవతల, రెండో సందు మొదట్లో అని నెమ్మదిగా చెప్పింది. నిజంగానా అన్నాడు. అవుననుకుంటానంది. ఖాయమేనా అని ఇంకా గట్టిగా అడిగాడు. నాకే భయమేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? ట్యాంకు నిచ్చెన మన ఎదురుగా ఉంది. పటంలోనూ ఇటువైపే ఉంది. మనం వెనక ఎలా ఉంటాం?"

తాతయ్య ఇటు తిరిగి, పటం ఆమె చేతిలో పెట్టి గుర్తు పెట్టమన్నాడు.

"ఈ విసుగేదో పొద్దున్నే వాడి మీద చూపించి ఉంటే నాకీ ఎండ తప్పేది కదమ్మా" అంటూ, నా వీపు మీద ఆఫీసుకు పంపాల్సిన కాగితం ఆనించి ఆమె పేరు రాశాడు.