పదో సంతకం

పోయిన శనివారం డాలస్ శివార్లలో మా తోడల్లుడి ఇంటికి భోజనానికి వెళ్ళాం. గుత్తివంకాయ వడ్డించుకుంటూ ఆయన ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు. “రూల్స్ అంటే రూల్సే అన్నా. పేపర్స్ లేకుండ వచ్చి కూసుంటే ఎట్ల? ఈ దేశంల ఎవరన్న అట్ల సెటిల్ అయిన్రా?” ఆ చివరి ప్రశ్నకి చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాను. “అయ్యారు. ఊళ్ళకి ఊళ్ళే అయ్యారు!” అని కాస్త గట్టిగానే అన్నాను. పప్పు గిన్నెతో వస్తున్న మా మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. ఆవిడ కాలు తొక్కడం వల్ల ఆగిపోయిన పనులు నా జీవితంలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానికి మాత్రం నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో నా ఉద్యోగం టెక్సస్ సరిహద్దు నది రెడ్ రివర్ దాటాక ఓక్లహోమాలో ఓ చిన్న ఊళ్ళో. మా ఇంటి ఓనరమ్మ చికసా అనే అమెరికన్ ఇండియన్ తెగ మనిషి. డెబ్బై దాటినా తన గడ్డి తనే కోసుకునేది. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు, మనవాళ్ళందరిలాగే నేనూ పాస్‌పోర్టు, హెచ్-వన్ వీసా అప్రూవల్, పే స్టబ్బులు, డిగ్రీ సర్టిఫికెట్లు, అన్నీ మూడేసి జిరాక్సులతో ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఏదీ అడగలేదు. అయినా అన్నీ బల్ల మీద పరిచాను. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదివి, పగలబడి నవ్వింది. “మా ముత్తాత నిన్ను చూసుంటే కావలించుకునేవాడు,” అంది.

ఆ ముత్తాత ఉద్యోగం పర్మిట్లు తనిఖీ చేయడం. పంతొమ్మిదో శతాబ్దంలో చికసాలను మిసిసిపీ వైపున్న సొంత నేల మీంచి కదిలించి, ఇది మీదే పొమ్మని అమెరికా ప్రభుత్వం సంతకం పెట్టి చూపించిన నేల ఇది. బయటివాళ్ళు ఇక్కడ ఉండాలంటే తెగ ప్రభుత్వం దగ్గర ఏటా పర్మిట్ తీసుకోవాలి, అచ్చం మన వీసాలాగే. టెక్సస్ నుంచి నది దాటొచ్చి, ఎవరినీ అడక్కుండా కంచె వేసి మొక్కజొన్న నాటుకున్నవాళ్ళ ముందు ఆయన గుర్రం దిగి పర్మిట్ అడిగితే, మొహం మీదే నవ్వేవారట. వాళ్ళని అరెస్టు చేసే అధికారం తెగ పోలీసులకి లేదు. వాషింగ్టన్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, ఎప్పటికో సైనికులొచ్చి వాళ్ళని నది అవతల దించేవారు. సైనికులు వెనుదిరగడమే ఆలస్యం, మళ్ళీ వచ్చి అదే చేలో కలుపు తీసుకుంటూ కనిపించేవారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, తమకి అన్యాయం జరుగుతోందని అర్జీలు పెట్టింది కూడా వాళ్ళే! చివరికి ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడ్డాక ఆ పర్మిట్ల ఊసే లేకుండా పోయి, వాళ్ళంతా ఇక్కడే స్థిరపడిపోయారు. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు పెరిగేది కాదు. ఒళ్ళు మండేది నాకే.

మేం చేరిన మూడో ఏడు ఊరి కౌన్సిల్‌వాళ్ళు ఒక ఫలకం పెట్టాలనుకున్నారు. ముత్తాత మూడుసార్లు వెళ్ళగొట్టించిన కుటుంబం పేరు మీద, ‘ఈ నేలను తొలిసారి సాగుచేసినవారు’ అని. ఆ చేను మా ఓనరమ్మ పూర్వీకులది! వాళ్ళు దున్నిన నేలకి ఇంకెవరో తొలిరైతులట. ఆవిడ ఫలకం వద్దనలేదు. ‘పర్మిట్ లేకుండా’ అన్న మాట చేర్చమంది, అంతే. కౌన్సిల్ ఆ మాట వినాలంటే పదిమంది ఊరివాళ్ళ సంతకాలు కావాలన్నారు. తొమ్మిది దొరికాయి. గడువు మర్నాడనగా సాయంత్రం ఆవిడ మా వాకిట్లోకొచ్చి కాగితం నా చేతికిచ్చింది.

“నేను సిటిజన్‌ని కాదు కదా,” అన్నాను.

“క్లర్కుని అడిగాను. ఈ ఊళ్ళో ఉంటే చాలంది.”

వెనక నుంచి మా ఆవిడ తెలుగులో గొణిగింది. “గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉందండీ. ఎక్కడపడితే అక్కడ సైన్ చేసేయకండి. మనకెందుకొచ్చిన గొడవ?” కాలు కూడా తొక్కింది. ఆ సంతకంతో నాకు వెంట్రుకవాసి నష్టం లేదని ఏ లాయర్నడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు. అడిగితే చెయ్యాల్సొస్తుందని అడగలేదు. “సారీ, వీసా ప్రాబ్లం అవుతుంది,” అని కాగితం తిరిగిచ్చేశాను.

ఓనరమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టింది. “పర్వాలేదులే. కాగితాలున్నవాళ్ళకే ఎప్పుడూ భయం. అవి లేకుండా వచ్చినవాళ్ళు ఒక్కనాడూ భయపడలేదు,” అంది. ఆ తర్వాత కూడా తోటలో కాసిన టమాటాలు మా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. అవి తింటుంటే నాకు సిగ్గేసేది. పదో సంతకం దొరకలేదు. ఫలకం ఒక్క అక్షరం మారకుండా లేచింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నాకు సిటిజన్‌షిప్ వచ్చిన వారమే ఒక్కణ్ణే డ్రైవ్ చేసుకుంటూ ఆ ఊరెళ్ళి, ఆ మాట ఇప్పుడైనా చేర్చమని కౌన్సిల్ ఆఫీసులో అడిగాను. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతానన్నాను. కౌంటర్లో అమ్మాయి ఎంతో మర్యాదగా కంప్యూటర్లో వెతికి, “సారీ సర్, ఆ ఫలకం ఇప్పుడు మా ఊరి చారిత్రక చిహ్నాల లిస్టులో ఉంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు,” అంది. ఆ అమ్మాయి మీద అరిచి ఏం లాభం? కాలం అన్యాయాన్ని కడిగేస్తుందంటారు గానీ, ఆ ఊళ్ళో మాత్రం అది ఆక్రమించుకున్నవాళ్ళకి పట్టా రాసిచ్చింది, ఆ రాసేవేళ అడ్డు చెప్పగలిగిన పదోవాణ్ణి నేనే.