గేర్‌బాక్సు వాసన

ఆటోమేటిక్ గేర్ల కార్లకు ఆ వీధి మెకానిక్కుల్లో ఆయనే పెద్ద దిక్కు. ఆయిల్ చూసే పుల్లను బయటికి లాగి, తెల్లగుడ్డకు తుడిచి, కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు. గేర్‌బాక్సులో క్లచ్ ప్లేట్లు మాడాయో లేదో అప్పుడే చెప్పేస్తాడు. మొన్నటి జ్వరం తర్వాత ఆయన ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పకుండా, గుడ్డను ఇంకాస్త ఎక్కువసేపు ముక్కు దగ్గర పట్టుకుంటున్నాడు. ఈ పని నేర్పి పక్కన పెట్టుకున్న బావమరిది తుమ్మినా ఇప్పుడు ఆయనకు కుళ్ళే.

ఇవాళ ఒకావిడ కారు తెచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోందట కానీ బండి ముందుకు పోవడం లేదట. ఆయన గుడ్డ వాసన చూశాడు. ఆయిల్ ఎర్రగానే కనిపించింది. "ఏం లేదమ్మా, ఆయిల్ తగ్గింది. పోస్తే సరి," అన్నాడు. అవతల చేతులు కడుక్కుంటున్న బావమరిది మాడు వాసనకు ముక్కు చిట్లించి, బావ ముఖంలోకి చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది. "మా బావ ఇంతేనండీ, ముందు మీ భయం పోగొడతాడు. ప్లేట్లు మాడాయని నాకు ఇందాకే సైగ చేశాడు. గేర్‌బాక్సు విప్పాలి," అన్నాడు నవ్వుతూ. "మీ ముక్కు గురించి మావారు చెప్పారు లెండి," అంటూ ఆవిడ తాళాలు ఆయన చేతికే ఇచ్చింది.

బావమరిది ఎగతాళి చేసి ఉంటే ఆయన నాలుగు తిట్టి ఊరుకునేవాడు. "జాకీ తేరా, ఏం చూస్తున్నావ్!" అని అరిచాడు.

"తెస్తున్నా బావా," అన్నాడతను. ఆ వినయానికి ఆయన ఒళ్ళు మరీ మండిపోయింది.